సోవియట్ కూలింది, సిఫిలిస్ లేచింది

ముందు రెండు నంబర్లు చెప్తా. 1990లో రష్యాలో లక్షమందికి సుమారు 5 కొత్త సిఫిలిస్ కేసులు. 1997లో 277. ఏడేళ్లలో యాభై రెట్లు!

మందు లేక కాదు. పెన్సిలిన్ అప్పటికే పాత మందు, చవకది, సిఫిలిస్‌ని పూర్తిగా తగ్గిస్తుంది. మరి ఏమైంది?

"స్వేచ్ఛ వచ్చింది, జనం చెడిపోయారు" అనేది ఈజీగా దొరికే జవాబు. అలవాట్లు మారాయి, కాదనను. కానీ యాభై రెట్లు పెరగడానికి అదొక్కటే చాలదు.

సోవియట్ కాలంలో సుఖవ్యాధులకి ప్రత్యేక డిస్పెన్సరీలు ఉండేవి. ఉద్యోగంలో చేరాలన్నా, ఆస్పత్రిలో చేరాలన్నా రక్తపరీక్ష. పాజిటివ్ వస్తే వారాల తరబడి ఆస్పత్రిలోనే. ఎవరెవరితో కలిశావో పేర్లు చెప్పాలి. వాళ్లు రాకపోతే పోలీసులు తీసుకొస్తారు. జబ్బుందని తెలిసి అంటిస్తే క్రిమినల్ కేసు. మొత్తం భయం మీద నడిచిన సిస్టమ్. అయినా నడిచింది, ఎందుకంటే జనానికి ఇంకో దారి లేదు.

1991 డిసెంబర్‌లో ఆ దేశమే లేకుండా పోయింది. మన నాన్నల తరం విశాలాంధ్రలో కొనుక్కున్న బొమ్మల పుస్తకాలు వచ్చిన దేశం అదే! 1992 జనవరి 2న ధరల మీద కంట్రోల్ ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు పాతిక రెట్లకు పైగా పెరిగాయి. జీవితాంతం దాచుకున్న డబ్బు ఆవిరైపోయింది. ఫ్యాక్టరీల్లో నెలల తరబడి జీతాల్లేవు. 1994కల్లా మగవాళ్ల సగటు ఆయుర్దాయం 58 ఏళ్లలోపుకి పడిపోయింది. పని కోసం ఊళ్లు వదిలినవాళ్లు ఎందరో, ఇల్లు గడవక ఒళ్లమ్ముకున్న ఆడవాళ్లు ఎందరో. ఫ్యాక్టరీ మూతపడితే అక్కడి మెడికల్ చెకప్ కూడా పోయినట్టే కదా.

అసలు దెబ్బ ఇక్కడుంది. ఇప్పుడు ఇంకో దారి దొరికింది. పేరు అడగని ప్రైవేట్ క్లినిక్‌లు వచ్చాయి. డబ్బున్నవాళ్లు అటు వెళ్లారు, లేనివాళ్లు ఏదో ఒక యాంటీబయాటిక్ మింగేశారు. సిఫిలిస్ చాలా టక్కరి జబ్బు. మొదటి పుండు నొప్పి పెట్టదు, మందు వాడకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. హమ్మయ్య, తగ్గిపోయింది అనుకుంటారు. లోపల మాత్రం అది అలాగే ఉంటుంది. అంటించుకున్న అవతలి మనిషికి ఆ సంగతే తెలియదు. గర్భిణి నుంచి కడుపులో బిడ్డకీ వెళ్తుంది. తొంభైల చివరికి రష్యాలో పుట్టుకతోనే సిఫిలిస్ ఉన్న పిల్లలు ఏటా వందల్లో తేలారు.

1997 తర్వాత నంబర్లు దిగాయి. కొంత నిజంగానే తగ్గింది. కానీ ప్రైవేట్ క్లినిక్‌ల కేసులు చాలావరకు ఆ లెక్కలోకి రాలేదు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, లాగింగ్ ఆపేస్తే ఎర్రర్లు తగ్గినట్టే కనిపిస్తాయి.

ఈలోపే, 1996లో, బాల్టిక్ తీరాన కలీనిన్‌గ్రాద్‌లో సూదులతో డ్రగ్స్ తీసుకునే కుర్రాళ్లలో హెచ్‌ఐవీ బయటపడింది. వాళ్లలో చాలామంది పేర్లు అడిగే ఏ డిస్పెన్సరీ గడపా తొక్కే రకం కాదు.