యాప్యం: అమ్లపిత్త చరిత్రలో మరుగునపడిన ఒక మాట

భారతీయ వైద్యశాస్త్ర చరిత్రలో అమ్లపిత్తానిది విచిత్రమైన స్థానం. చరక సుశ్రుత సంహితలలో ఈ వ్యాధికి ప్రత్యేకాధ్యాయం లేదు. దీనిని స్వతంత్ర వ్యాధిగా గ్రహించి నిదానాన్నీ చికిత్సనూ వివరించినది కాశ్యప సంహితలోని ఖిలస్థానం. శతాబ్దాల పాటు మరుగున ఉన్న ఈ గ్రంథం, నేపాల పండితుడు హేమరాజ శర్మ విస్తృత ఉపోద్ఘాతంతో 1938లో ముద్రితమైంది. పెరుగు తోడుకున్న కుండలో పాలు పోస్తే అవీ పులిసినట్లు, ఒకసారి విదగ్ధమైన ఆమాశయంలో చేరిన ఆహారం మళ్ళీ మళ్ళీ పులుస్తుందని ఆ గ్రంథకర్త దృష్టాంతం. ఛాతీలో మంట, గొంతులోనికి ఎగసే పుల్లని త్రేనుపు, భుక్తానంతర భారం ఎరిగినవారికి ఈ పోలికను వేరుగా వ్యాఖ్యానించవలసిన పనిలేదు.

ఆ అధ్యాయంలో ఆశ్చర్యం గొలిపే అంశం మరొకటి ఉంది. ఈ వ్యాధి జలసమృద్ధమైన అనూపదేశంలో అధికమనీ, జాంగలదేశపు ఔషధాలతో దానిని శమింపజేయాలనీ, అప్పటికీ శాంతించకుంటే రోగి దేశాంతరం వెళ్ళాలనీ కాశ్యపుడు విధించాడు. అనగా ఔషధం విఫలం కావచ్చునని శాస్త్రమే ముందుగా అంగీకరించింది. వైఫల్యానంతరం మాత్ర పెంచమని చెప్పలేదు; రోగి నిలిచిన నేలను పరిశీలించమన్నది.

పాశ్చాత్య వైద్యం వేరొక మార్గంలో నడిచింది. ఆమాశయంలోని ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని 1823లో విలియం ప్రౌట్ నిరూపించాడు. తుపాకి గాయంతో ఉదరంలో రంధ్రం నిలిచిపోయిన ఒక యువకుని సంవత్సరాల తరబడి పరిశీలించిన విలియం బోమాంట్, క్రోధం జీర్ణక్రియను వికలం చేయడాన్ని ప్రత్యక్షంగా చూచి 1833లో గ్రంథస్థం చేశాడు. ఆ రెండవ పరిశీలన కాలక్రమంలో వెనుకబడింది, మొదటిది రాజమార్గమైంది. 1976లో సిమెటిడిన్, 1988లో ఒమెప్రజోల్ వెలువడ్డాయి. ఆమ్లస్రావాన్ని అణచడంలో ఈ ఔషధాలు సాధించిన విజయం అసాధారణం. అన్నవాహికలోని పుండ్లను మాన్పి, అవి అసంఖ్యాకులను శస్త్రచికిత్స నుండి కాపాడాయి. అయినను నిత్యం వీటిని సేవిస్తూ కూడా మంట తగ్గనివారు నూటికి పది నుండి నలభై మంది వరకు ఉంటారని వైద్యవాఙ్మయం చెబుతున్నది.

ఈ సుదీర్ఘ చరిత్ర హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టల పరిసరాలలో కొద్ది కిలోమీటర్లలోనే కుదించుకొని కనిపిస్తుంది. జర్మనీకి చెందిన లూయీ కూనే ప్రకృతిచికిత్సా గ్రంథాన్ని 1894లోనే డి. వెంకటచలపతి శర్మ తెనుగు చేశారు. ఆ సంప్రదాయానికి కొనసాగింపుగా 1949లో డాక్టర్ బి. వెంకటరావు స్థాపించిన ప్రకృతి చికిత్సాలయం అమీర్‌పేట చెంత బల్కంపేట మార్గంలో ఉన్నది. పంజాగుట్టలో 1964లో ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన నిజాం వైద్యశాల 1986లో నిమ్స్‌గా రూపాంతరం చెందింది. సమీపాన సోమాజిగూడలో 1994లో డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి ఆసియా జీర్ణకోశ వైద్యసంస్థను నెలకొల్పారు. ఉపవాసం చెప్పే గృహమూ, ఎండోస్కోపీ చేసే గృహమూ ఒకే ప్రాంతంలో వెలశాయి.

వాటి మధ్యనే మైత్రీవనం పరిసరాలలో కోచింగ్ కేంద్రాలూ, హాస్టళ్ళూ వెలశాయి. గోదావరి, కృష్ణా డెల్టాల నుండి వేలాది యువకులు అక్కడికి వచ్చారు. ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. డెల్టా అనూపదేశం, దక్కను పీఠభూమి శిలామయమైన పొడినేల. కాశ్యపుని మాటను అక్షరార్థంలో గ్రహిస్తే ఈ వలస స్వయంగా చికిత్స కావాలి. కాని అమీర్‌పేట చేరిన తరువాతనే గుండెమంట మొదలైనవారు కద్దు. కాబట్టి దేశమంటే కేవలం మృత్తికాజలాలు కావు. ఉదయాహారం మాని తాగే టీ, సాయంకాలపు మిరపకాయ బజ్జీ, రాత్రి పదకొండింటికి తిని పన్నెండింటికి వాలే మంచం, ఉద్యోగం దొరకదేమోనన్న భయం, ఇంటి అప్పు తలపు: ఇదంతా కలిసిన ఆవరణమే దేశం.

చరకుడు విమానస్థానంలో ఈ అర్థాన్నే స్పష్టం చేశాడు. హితమైన అన్నాన్ని మితంగా తిన్నప్పటికీ చింత, శోకం, భయం, క్రోధం, దుఃఖశయ్య, రాత్రిజాగరణాల వలన అది జీర్ణం కాదన్నాడు. బోమాంట్ పరిశీలనకు ఇది ఎంతో పూర్వపు ప్రతిధ్వని. భగవద్గీత పదునేడవ అధ్యాయం కటు, అమ్ల, విదాహి ఆహారాలను రాజసమని చెప్పి దుఃఖరోగహేతువులుగా పేర్కొన్నది. అయితే ఈ వాక్యాలను రోగిపై దోషారోపణకు ఆయుధంగా వాడడం అనుచితం. నీ ఆహారం రాజసం, నీ మనస్సు చంచలం, అందుకే నీకీ శిక్ష అని తీర్పు చెప్పడం వైద్యమూ కాదు, వేదాంతమూ కాదు.

మందు పనిచేయకపోవడానికి నిశ్చితమైన కారణాలు అనేకం. భోజనానికి అర్ధగంట ముందు వేసుకోవలసిన మాత్రను పడుకునే ముందు వేసుకోవడం వాటిలో అతి సామాన్యమైనది. కొందరి శరీరం ఔషధాన్ని త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది. కొందరిలో ఎగసేది ఆమ్లరహిత ద్రవం. మరికొందరిలో, ముక్కు ద్వారా సన్నని గొట్టం అమర్చి ఇరువది నాలుగు గంటలు పరీక్షించినా ఆమ్లం సహజస్థాయిలోనే ఉంటుంది. అన్నవాహికలోని నాడులు మాత్రం స్వల్ప స్పర్శకే మంటను తెలుపుతాయి. ఈ చివరివారికి రోగం లేదని చెప్పి పంపివేయడం అన్యాయం. వేదనకు అధిష్ఠానం మనస్సూ, ఇంద్రియసహితమైన దేహమూ రెండూనని చరకుడు శారీరస్థానంలో నిర్ణయించాడు. ఆమ్లం లేకున్నా వేదన సత్యమే. దానికి నాడీవేదనను తగ్గించే వేరు ఔషధాలూ, ఉదరశ్వాసాభ్యాసమూ ఉన్నాయి.

క్రీ.శ. ఏడెనిమిది శతాబ్దాల నాటి మాధవనిదానం ఈ సందర్భంలో ఒక అమూల్యమైన పదాన్ని అందించింది. అమ్లపిత్తం నూతనమైతే యత్నసాధ్యం, చిరకాలికమైతే యాప్యం. యాప్యమనగా నిర్మూలనం కానిది, కాని నియమంతో నిలువరింపదగినది. కూలబోయే ఇంటిని నిలిపే ఊతకర్రతో సుశ్రుతుడు యాప్యచికిత్సను పోల్చాడు. ఊత ఉన్నంతకాలం ఇల్లు నివాసయోగ్యం. ఊత అవసరమైనదని గృహస్థు సిగ్గుపడనక్కరలేదు.

దీర్ఘరోగికి ఈ పదం ఇచ్చే ఊరట సామాన్యమైనది కాదు. పూర్ణారోగ్యమో, పరాజయమో అనే ద్వంద్వం నుండి అది విడిపిస్తుంది. రాత్రిభోజనానికీ శయనానికీ మధ్య మూడు గంటల వ్యవధి, మంచం తలవైపు ఎత్తు, ఎడమవైపు తిరిగి పడుకోవడం, ఆమాశయంలో మూడవ భాగాన్ని ఖాళీగా ఉంచమన్న చరకుని మితాహారం: ఇవి హాస్టల్ గదిలోనూ సాధ్యమైన దేశాంతరగమనాలు. ఊరు విడువలేనివాడు వేళను విడువగలడు.

అయితే యాప్యమని ముందుగా తేల్చవలసినవాడు వైద్యుడే. మింగుట కష్టమైనా, అకారణంగా బరువు తగ్గినా, రక్తవమనం లేదా నల్లని మలం కనిపించినా, శ్రమతో ఛాతీనొప్పి కలిగినా జాగు చేయరాదు. చిరకాలం వాడిన ఆమ్లనిరోధకాన్ని తనంతట తాను హఠాత్తుగా మానితే ఆమ్లం మునుపటికన్నా ఎగసే ప్రమాదమూ ఉన్నది.

జఠరంలోని అగ్నిని వైశ్వానరరూపమైన భగవద్విభూతిగా గీత పదునైదవ అధ్యాయం దర్శించింది. ఆ అగ్ని మనకు శత్రువు కాదు. దానిని పూర్తిగా ఆర్పివేయడం చికిత్సకు లక్ష్యమూ కాదు. తన స్థానంలో తాను ఉండునట్లు ప్రతిదినం కాచుకోవలసిన గార్హపత్యమది. అగ్నిహోత్రి నిష్ఠలో ఒకనాడు ముగిసే కార్యమేదీ లేదు. చిరకాలిక అమ్లపిత్తంతో జీవించేవాని నిష్ఠయూ అట్టిదే.