గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేస్తే: 'హిదాయా' తీర్పు

ఏడాదికి కిరాయి మాట్లాడుకున్న మనిషి నాలుగో నెలలోనే ఇల్లు వదిలిపోతానంటే, మిగిలిన ఎనిమిది నెలల కిరాయి అడిగే హక్కు యజమానికి ఉన్నదా? హనఫీ ఫిఖహ్‌లో ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం 'హిదాయా'లో ఉన్నది. దాని కర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మతుల్లాహ్ అలైహి) హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించారు.

ఇంటి వాడకం అమ్మిన సరుకు వంటిదని షాఫయీ పండితుల వాదన. కనుక ఇంట్లో లోపముంటే తప్ప ఇజారా రద్దు కాదు. హనఫీలు మరో విధంగా ఆలోచించారు. వాడకం రోజురోజుకూ పుట్టేది; రాబోయే రోజులు కిరాయిదారు చేతికి ఇంకా రానేలేదు. సరుకు చేతికి రాకముందే లోపం బయటపడితే కొన్నవాడు బేరం వదులుకోవచ్చు. అలాగే, ఒప్పందంలో లేని నష్టం భరిస్తే గాని ఇజారా సాగనప్పుడు దానిని రద్దు చేసుకోవచ్చు. దీనినే 'ఉజ్ర్' అన్నారు.

దుకాణం తీసుకున్నవాని పెట్టుబడి పోవటం ఉజ్ర్. కిరాయిదారుకు ప్రయాణం పడటమూ ఉజ్రే. ఎందుకంటే అతనిని ప్రయాణం మానమనటమో, ఉండని ఇంటికి కిరాయి కట్టించటమో జరుగుతుంది. యజమాని ప్రయాణం మాత్రం ఉజ్ర్ కాదు. అతడు లేకున్నా కిరాయిదారు ఆ ఇంట్లో ఉండగలడు. అయితే ఇల్లు అమ్మితే తప్ప తీరని అప్పు యజమానికి ఉజ్రే అవుతుంది. చవకగా మరో ఇల్లు దొరకటాన్ని మాత్రం హనఫీ గ్రంథాలు ఉజ్ర్‌గా ఒప్పుకోలేదు.

కారణం కళ్లకు కనిపించేదైతే ఖాజీ తీర్పు అవసరం లేదనీ, అప్పు వంటి కనిపించని కారణమైతే అవసరమనీ కొందరు పండితులు సమన్వయం చేశారు. 1869-1876 నడుమ వెలువడిన ఉస్మానియా 'మజల్లా' కూడా ఈ సూత్రాన్నే స్వీకరించింది: పెళ్లి విందుకు వంటవాణ్ణి కుదుర్చుకున్నాక వధూవరులలో ఒకరు మరణిస్తే ఆ ఒప్పందం రద్దవుతుంది.

వారెన్ హేస్టింగ్స్ పూనికతో చార్లెస్ హామిల్టన్ చేసిన 'హిదాయా' ఇంగ్లీషు అనువాదం 1791లో వెలువడింది. అది అరబీ నుండి గాక ఫార్సీ మీదుగా వచ్చినది. నేడు మన దేశంలో కిరాయి తగాదాలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, రాష్ట్రాల కిరాయి చట్టాల పరిధిలోనివి. అయినా ముస్లిం యజమాని అంతరాత్మకు ఫిఖహ్ వర్తిస్తూనే ఉన్నది. అతడు ముందుగా కారణం విచారించాలి. ఉన్న రోజుల కిరాయి తీసుకోవాలి. నిజమైన ఉజ్ర్ ఉంటే మిగిలినది అడగరాదు. ఉజ్ర్ లేకుంటే హక్కు అతనిదే. అప్పుడు కూడా ఇష్టపూర్వకంగా బేరం వదులుకోవటం, అనగా 'ఇఖాలా', మేలైన మార్గం. తోటి ముస్లింను బేరం నుండి విడిపించిన వాని తప్పులను అల్లాహ్ మన్నిస్తాడని హదీసులలో శుభవార్త ఉన్నది.