పడవను ఆపేదెవరు? పాపికొండల జలవిహారం, ప్రమాదాలు, పర్యవేక్షణ: ఒక చరిత్ర

గోదావరి మీద పడవల రాకపోకలకు ఆధునిక ప్రభుత్వాలు చేసిన తొలి చట్టాలు ప్రయాణికుడి ప్రాణం కంటే రేవు మీద వచ్చే రాబడిని, కాలువ గట్ల సంరక్షణను ముందు పెట్టుకొని పుట్టినవి. ఆ పుట్టుక తర్వాతి చరిత్రను చాలావరకు నిర్ణయించింది. పడవ దగ్గర రుసుము వసూలు చేసే అధికారి ఎవరో, పడవకు నంబరు వేసే అధికారి ఎవరో ఎప్పుడూ స్పష్టంగానే ఉండగా, నది బాగా లేని రోజున రేవులో నిలబడి ఈ పూట పడవ కదలదని చెప్పవలసిన అధికారి ఎవరన్నది మాత్రం 2020 దాకా తేలలేదు. పాపికొండల విహారయాత్రల్లో జరిగిన ప్రమాదాలను పడవ నడిపే సరంగు పొరపాటుగానో యజమాని అత్యాశగానో మాత్రమే చదివేవారికి ఈ లోపం కనిపించదు.

1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్టను నేడు సాగునీటి పనిగానే తలుచుకుంటారు గాని, కాటన్ లెక్కలో కాలువ పొలానికి నీరు తెచ్చేదీ, సరుకును రేవుకు చేర్చేదీ కూడా. అందుకే డెల్టా ప్రధాన కాలువలకు లాకులు అమర్చారు. లాకు అంటే ఎగువ, దిగువ నీటిమట్టాల నడుమ రెండు వైపులా తలుపులతో కట్టిన తొట్టి. పడవ అందులోకి చేరాక తలుపులు మూసి, నీరు నింపో వదిలో దాన్ని పై మట్టానికో కింది మట్టానికో చేరుస్తారు. గోదావరిని ఎగువన వార్ధా నది దాకా పడవదారిగా మార్చాలన్న మరింత పెద్ద పథకం కింద భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు తడిసి మోపెడై, అటు రైలు దారులు కూడా వచ్చిపడడంతో 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. పథకం పోయినా, నదీ కాలువా లాకూ పడవా అన్నీ నీటిపారుదల ఇంజనీర్ల ఆధీనంలోవే అన్న భావన మాత్రం పాలనలో పాతుకుపోయింది.

మద్రాసు ప్రభుత్వం 1890లో చేసిన కాలువల, ప్రజా రేవుల చట్టం ఈ భావనకు అక్షరరూపం. ప్రజా రేవు అంటే ప్రభుత్వం గుర్తించి ప్రకటించిన దాటురేవు. అక్కడ పడవ నడిపే హక్కును వేలం వేసి పాడుకున్నవారికి కొంతకాలం అప్పగించే పద్ధతిని గోదావరి, కృష్ణా తీరాల్లో రేవు పాట అంటారు. చట్టం పడవలకు లైసెన్సులను, రుసుములను, రేవుల నిర్వహణను క్రమబద్ధం చేసింది నిజమే. అయితే పాట పాడి సొమ్ము కట్టినవాడు గడువు లోపల దాన్ని రాబట్టుకోవాలంటే ఒక్కో దాటుకు వీలైనంత మందిని ఎక్కించక తప్పదు కాబట్టి, పడవలో జనం పెరగడంలో రేవుదారుకు ఎంత ఆసక్తి ఉందో, పాట సొమ్ము పెరగాలని కోరుకునే సర్కారుకూ పరోక్షంగా అంతే ఆసక్తి ఉండేది. కాపలా కాయవలసిన చెయ్యే వసూలు చేసే చెయ్యి కూడా అయిన చోట తలలు లెక్కపెట్టడం మీద శ్రద్ధ ఉండకపోవడం వింత కాదు.

ఆవిరి పడవల సంగతి వేరుగా నడిచింది. బాయిలరు పేలుడు, అగ్నిప్రమాదం వంటి కొత్త భయాలు వాటితో వచ్చాయి కాబట్టి 1884లో ఒక కేంద్ర చట్టం, దాని స్థానంలో 1917లో మరొకటి వచ్చి, యంత్రంతో నడిచే నదీ పడవలను సర్వే చేయాలనీ, వాటిని నడిపేవారికి యోగ్యతా పత్రం ఉండాలనీ నిర్దేశించాయి. సర్వే అంటే ఇక్కడ భూమి కొలత కాదు. పడవ ఒడలు, యంత్రం, పరికరాలు ప్రయాణానికి తగినట్టు ఉన్నాయో లేదో నిపుణుడు పరీక్షించి గడువుతో కూడిన పత్రం ఇవ్వడం. లాంచీ చుక్కాని పట్టే మనిషిని తెలుగువారు నేటికీ పిలిచే సరంగు అన్న మాట పారశీక మూలం నుంచి ఓడ కళాసుల భాష ద్వారా వచ్చింది. 1917 నాటి ఆ చట్టం సవరణలతో శతాబ్దానికి పైగా అమల్లో ఉన్నా, దానికి రెండు పెద్ద వెలితులు ఉండేవి. గెడ వేసి, తెడ్డు వేసి, తెరచాప ఎత్తి నడిపే నాటు పడవలు దాని పరిధిలోకి రాలేదు. పరిధిలోకి వచ్చిన లాంచీల విషయంలోనూ ఆ పత్రం పడవ గురించి చెప్పేదే తప్ప, ఫలానా రోజున ఫలానా మలుపులో నది ఎలా ఉందన్నది దానికి పట్టదు.

ఇరవయ్యో శతాబ్దంలో వంతెనలు లాంచీని ఒక్కొక్క రేవు నుంచి తప్పించాయి. రాజమహేంద్రవరం దగ్గర 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చాక కొవ్వూరు రేవు ప్రాధాన్యం తగ్గింది. 2000 తర్వాత కోనసీమ పాయల మీద కూడా వంతెనలు లేచాయి. లాంచీ అవసరం తీరనిది ఒక్క పాపికొండల నడుమే, రోడ్డు చేరని కొండరెడ్ల పల్లెలకు. సంతకు, ఆసుపత్రికి, మండల కార్యాలయానికి వాళ్ళను చేర్చిన లాంచీల పక్కనే విహారపు లాంచీలు వృద్ధి చెందాయి. రాజమహేంద్రవరం నుంచి భద్రాచలానికి నీటి మీద సాగే ప్రయాణాన్ని 1973లో బాపు "అందాల రాముడు", 2006లో శేఖర్ కమ్ముల "గోదావరి" తెర మీదికి తెచ్చాయి. రెండో సినిమా తర్వాత పాపికొండలు చూడాలన్న ఉబలాటం పట్టణాల్లో ఎంతగా పెరిగిందో పర్యాటక వ్యాపారులకు బాగా తెలుసు. పోలవరం ఆనకట్ట పనులు నదికి అడ్డంగా లేచాక ఈ యాత్రల మొదటి రేవు ఎగువకు, గండి పోచమ్మ గుడి దగ్గరికి జరిగింది.

ప్రయాణం విహారంగా మారినప్పుడు పడవలో భారం సర్దుకునే తీరు కూడా మారిపోతుందన్న సంగతిని నియమావళులు చాలా ఆలస్యంగా గుర్తించాయి. రేవు దాటే మనిషి తట్ట పక్కన పెట్టుకొని ఒకచోట కూర్చుంటాడు, అవతలి గట్టు చేరడమే అతనికి కావలసింది. విహారానికి వచ్చినవాడు కూర్చోవడానికి రాలేదు. కొండ కనబడితే ఒక పక్కకు, గుడి కనబడితే మరో పక్కకు నడుస్తాడు, గాలి కోసం పై అంతస్తు ఎక్కుతాడు. పడవ నిలకడకు మూలం దాని మొత్తం బరువు కేంద్రీకృతమయ్యే బిందువు, అంటే గరిమనాభి, తక్కువ ఎత్తులో ఉండడం. పై అంతస్తులో జనం పెరిగేకొద్దీ ఆ బిందువు పైకి జరిగి, ఒరిగిన పడవ తనంతట తాను నిటారుగా లేచే శక్తి క్షీణిస్తుంది. కేరళలోని తేక్కడి సరస్సులో 2009 సెప్టెంబరు 30న రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ పడవ బోల్తా పడి 45 మంది చనిపోయిన దుర్ఘటనలో ఈ సూత్రం ఎంత నిర్దయగా పనిచేస్తుందో బయటపడింది. కాబట్టి ఒక పడవకు ఎందరు అన్న ఒకే అంకె చాలదు, ఏ అంతస్తులో ఎందరు అన్నది కూడా కావాలి. ఆ రెండో అంకెను మన రేవుల్లో అడిగేవారు అరుదు.

పాపికొండల దగ్గర నది స్వభావం దీనికి తోడవుతుంది. రాజమహేంద్రవరం దగ్గర దాదాపు 3 కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి కొండల నడుమ కొన్నిచోట్ల కొన్ని వందల గజాలకు కుంచించుకుపోతుంది, అదే నీరు ఇరుకు దారిలో లోతుగా, వేగంగా సాగుతూ మలుపుల్లో కొండ పాదానికి కొట్టుకొని సుళ్ళు తిరుగుతుంది. స్థానికులు కచ్చులూరు మందం అని పిలిచే చోటు అటువంటిదే. వరదను కొలిచే క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్ల ప్రవాహం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. ఈ అంకెలను డెల్టా గట్లను, లంక గ్రామాలను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించారే గాని పడవలను కాదు. కాబట్టి దిగువన ఏ హెచ్చరికా లేని రోజున కూడా ఎగువన ఇరుకు లోయలో లాంచీకి ప్రాణాంతకమైన ప్రవాహం ఉండవచ్చు. ఎన్నో ఏళ్ళుగా పడవ కదలాలా వద్దా అన్నదానికి గట్ల కోసం కట్టిన ఈ కొలబద్దే మిగిలింది, అదీ ఎవరైనా చూసినప్పుడు.

2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం నాడు, విజయవాడ దగ్గర కృష్ణా నదిలో పవిత్ర సంగమం అనే చోటు చూడబోయినవారి పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ సమీపంలో తిరగబడి 20 మందికి పైగా మరణించారు. మృతుల్లో చాలామంది ఒంగోలు నుంచి కలిసి వచ్చినవారు. అది అనుమతి లేని పడవ. 2018 మే 11న దేవీపట్నం మండలంలో ఒక విహారపు పడవకు నిప్పంటుకోగా అదృష్టవశాత్తూ యాత్రికులందరూ బయటపడ్డారు. నాలుగు రోజులు తిరక్కుండానే, మే 15న, అదే మండలంలో కొండ పల్లెల ప్రయాణికుల లాంచీ గాలివానలో మునిగింది. వాన జల్లు లోపలికి రాకుండా తలుపులు మూసుకోవడంతో లోపలివాళ్ళకు బయటపడే దారి లేకపోయింది, ఇరవై మంది దాకా చనిపోయారు. జులై 14న కోనసీమలోని పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న నాటు పడవ, ఆ పిల్లల కష్టం తీర్చడానికే కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా కొట్టింది. ప్రతిసారీ విచారణలకు ఆదేశాలు, కొన్నాళ్ళ నిషేధం, తర్వాత సడలింపు వచ్చాయి. కేంద్రంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవ భద్రతపై మార్గదర్శకాలు వెలువరించింది గాని, మార్గదర్శకం రేవు దాకా నడిచి రాదు.

2019 సెప్టెంబరు 15, అదీ ఆదివారమే, "రాయల్ వశిష్ఠ" అనే విహారపు పడవ గండి పోచమ్మ గుడి దగ్గర బయలుదేరి మధ్యాహ్నానికి కచ్చులూరు మందం దగ్గర మునిగింది. ఆనాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉంది. అంటే ధవళేశ్వరం మొదటి హెచ్చరికకు అది దాదాపు సగం. పడవలో ఎందరున్నారన్న లెక్క మొదటి రోజు ఒకటి చెప్పి, తర్వాత పెంచుకుంటూ పోయి చివరికి 77 దగ్గర నిలిపారు. 26 మంది బతికారు. ఈ సవరణల వరుసే ఆనాటి పర్యవేక్షణ మీద అత్యంత కఠినమైన సాక్ష్యం, ఎందుకంటే రేవు వదిలేటప్పుడు పేర్ల జాబితా ఒకటి గట్టున ఉండి ఉంటే లెక్క తేలడానికి అన్ని రోజులు పట్టవలసిన పని లేదు. సుడిలో, లోతులో, బురదలో కూరుకుపోయిన పడవను కాకినాడ నుంచి వచ్చిన ప్రైవేటు బృందం లంగర్లు, ఇనుప తాళ్ళు వేసి, పలుమార్లు విఫలమై, అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది. లోపల అప్పటికీ మృతదేహాలున్నాయి.

అప్పటికి అధికారాల పంపకం ఎలా ఉండేదో చూస్తే ఈ లోపానికి కారణం బోధపడుతుంది. ఒకప్పుడు జలవనరుల శాఖ చూసిన పడవ అనుమతులు క్రమంగా కాకినాడ ఓడరేవు అధికారుల వైపు మళ్ళాయి, నది ప్రవాహపు లెక్కలు మాత్రం జలవనరుల శాఖ దగ్గరే ఉండిపోయాయి, యాత్రికులను ఆకర్షించే పని పర్యాటక శాఖది, ప్రమాదం జరిగాక వచ్చేది పోలీసులు, రెవెన్యూవారు. లైసెన్సు ఇచ్చినవారు కాకినాడలో, పడవ దేవీపట్నంలో. పైగా 2017 నాటి కృష్ణా, 2019 నాటి గోదావరి దుర్ఘటనలే కాదు, 2023 మే 7న కేరళలోని తానూరులో చేపల పడవను విహారానికి మార్చి చీకటి పడే వేళ నడిపి 22 మంది ప్రాణాలు తీసిన ఘటన కూడా ఆదివారమే జరిగింది. సెలవు రోజున జనం రేవులకు వస్తారు, సెలవు రోజునే కార్యాలయాలకు తాళం పడుతుంది. ఈ రెంటినీ కలిపి చూసి తనిఖీదారు వారపు సెలవును మార్చడం పెద్ద సంస్కరణ కాదు, కాని ఏ విచారణ నివేదిక కంటే ఎక్కువ ఉపయోగపడే పని.

కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక అడుగు సరిగా వేసింది. 2020 జూన్‌లో రాష్ట్రంలో తొమ్మిది నియంత్రణ కేంద్రాలు ప్రారంభించి, గండి పోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం వంటి రేవుల్లో తహసీల్దారు పర్యవేక్షణ కింద పోలీసు, జలవనరుల, పర్యాటక శాఖల సిబ్బందిని ఒకే కప్పు కిందికి తెచ్చింది. యాత్రికుల జాబితా, లైఫ్ జాకెట్లు, సరంగు మద్యం తాగలేదన్న పరీక్ష పడవ కదలకముందే చూడాలని నిర్ణయించింది. పడవను ఆపే అధికారం మొదటిసారి రేవులోనే ఒక గదికి దక్కింది. కేంద్రం చేసిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం 1917 చట్టాన్ని రద్దు చేసి, యంత్రం లేని నాటు పడవలను కూడా స్థానిక స్థాయిలో నమోదు చేసే ఏర్పాటు తెచ్చింది. 1917 చట్టం తాకని పడవలకు ఒక నమోదు పుస్తకమైనా దొరకడానికి వందేళ్ళు దాటాయి. 2021 నవంబరులో పాపికొండల యాత్రలు తిరిగి మొదలయ్యాయి, వరద పెరిగినప్పుడల్లా ఆపుతున్నారు.

ఈ ఏర్పాట్లన్నీ ప్రమాదాన్ని ముందే ఆపడానికి ఉద్దేశించినవి. ప్రమాదం జరిగాక మొదటి కొన్ని నిమిషాల్లో నీటిలో ఉన్నవాళ్ళను పైకి లాగేది ఎవరన్నది మరో ప్రశ్న. 2019లో బతికిన 26 మందిని కాపాడినవాళ్ళలో ముందుగా చేరుకున్నది కచ్చులూరు తీరపు గ్రామస్థులు, వచ్చింది తమ చేపల పడవల మీద. ఆ తర్వాతి ఏళ్ళలో పోలవరం నీరు వెనక్కు ఎగదన్నడంతో దేవీపట్నం మండలపు నదీతీర పల్లెల జనం చాలావరకు పునరావాస కాలనీలకు తరలిపోయారు.