చంటిబిడ్డని ఎవరికి అప్పజెప్పాలి?

మా అవనిగడ్డ వైపు నాట్లు మొదలైతే చంటిబిడ్డల తల్లులకి ఒకటే దిగులు. మా అమ్మల కాలంలో అత్తగారు చూస్తే సరి, లేదంటే గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాలే. 1975లో ఐసీడీఎస్ మొదలయ్యాక అంగన్‌వాడీలు వచ్చాయి. కానీ అక్కడ కూర్చోబెట్టేది మూడేళ్లు నిండిన పిల్లల్నే, చంటివాళ్లకి ఇంటికిచ్చే సరుకులే.

2005 ఉపాధి హామీ చట్టం కొత్త మాట చెప్పింది. పని దగ్గరకి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే, చూసుకోడానికి ఒక మహిళని పెట్టాలి, ఆమెకీ కూలి ఇవ్వాలి. అంటే బిడ్డల్ని చూడటమూ పనే!

మన పొలం పనుల్లో ఆ ఏర్పాటు లేదు. అందుకే ఓపిక, శుభ్రం ఉన్న మామ్మగారిని చూసి అప్పజెబుదాం. ఊరికే చూడమనకుండా, మన కూలిలోంచి వాటా ఇద్దాం.