స్పెయిన్ చూడాలంటే కాలువల వెంట నడవండి

అనంతపురం జిల్లా పల్లెల్లో స్పెయిన్ పేరు కొత్తది కాదు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మా జిల్లాకు వచ్చి, 2009లో అక్కడే కన్నుమూశారు. మావాళ్లు ఇప్పటికీ ఆయన్ని ‘ఫాదర్’ అనే తలుచుకుంటారు. అంతకుముందు ఆయన మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్వించారు. 1968లో దేశం వదిలి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. దాని మీద వేలమంది రైతులు రోడ్డెక్కారు. మరుసటి ఏడు ఆయన తిరిగొచ్చి, దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో పని మొదలుపెట్టారు. వెళ్లగొట్టిన మనుషులు, వాళ్లు చూపించిన నీళ్లు. స్పెయిన్ చరిత్ర కూడా చాలావరకు ఇదేనని ఆ దేశంలో కాపురం పెట్టిన తర్వాతే నాకు తెలిసింది.

మాడ్రిడ్‌లో ఉంటున్నానని తెలిసి ఊరివాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అడిగేది ఒకటే. “పది రోజులు వస్తున్నాం, ఏమేం చూడమంటారు?” చాలామంది జాబితా ముందే సిద్ధంగా ఉంటుంది. 2011లో ‘జిందగీ నా మిలేగీ దొబారా’ సినిమా వచ్చాక ఆ జాబితాలో బున్యోల్ టమాటాల పండగ, పాంప్లోనా ఎద్దుల పరుగు కూడా చేరాయి. వాటిని చూడొద్దని నేననను. కానీ పది రోజుల్లో రోజుకో ఊరు పెట్టుకుంటే మీకు మిగిలేవి రైల్వేస్టేషన్లే. బార్సిలోనాకు రెండు రోజులు చాలు. సగ్రాదా ఫమీలియా చర్చి తప్పకుండా చూడండి. బస మాత్రం హోటల్లో పెట్టుకోండి, అపార్ట్‌మెంట్లలో వద్దు. స్పెయిన్ జనాభా ఐదు కోట్లకు లోపే. 2024లో వచ్చిన విదేశీ యాత్రికులు దాదాపు 9 కోట్ల 40 లక్షలు. అద్దెలు భరించలేక ఊరి జనం వీధుల్లోకి వచ్చారు. యాత్రికులకిచ్చే అపార్ట్‌మెంట్ల లైసెన్సులన్నీ 2028 చివరికి ఆపేస్తామని బార్సిలోనా నగర పాలకులు ప్రకటించారు. ఆ జనం బాధ న్యాయమైనది.

ఇక మిగిలిన రోజులకు నేను చెప్పే దారి ఇది: టొలెడో, కోర్దోబా, గ్రనాడా, వాలెన్సియా. క్రీ.శ. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి అరబ్బులు, బెర్బర్లు జలసంధి దాటి వచ్చారు. కొద్ది ఏళ్లలోనే దేశంలో చాలా భాగం వాళ్ల ఏలుబడిలోకి వచ్చింది. ఉత్తరాన మిగిలిన క్రైస్తవ రాజ్యాలు మెల్లగా దక్షిణానికి జరుగుతూ 1492లో గ్రనాడాను తీసుకోవడంతో ఆ కథ ముగిసింది. దాదాపు ఎనిమిది వందల ఏళ్లు! గైడ్లు దీన్ని ‘వాళ్లు వచ్చారు, వీళ్లు తరిమారు’ అని రెండు మాటల్లో తేల్చేస్తారు. మన యాత్రికుల్లో కొందరు అది విని, మన దగ్గరి గొడవలకు సాక్ష్యం దొరికిందన్నట్టు సంబరపడతారు. అది నాకు బాధగా ఉంటుంది. అన్నేళ్లు ఒకే మట్టిని తడిపి పండించుకున్నవాళ్లలో ఎవరు పరాయివాళ్లో చెప్పడం అంత తేలిక కాదు.

టొలెడో మాడ్రిడ్ నుంచి రైల్లో అరగంట. అందరూ పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. మీరు మాత్రం ఒక రాత్రి ఉండండి. తాహో నది మూడు వైపులా చుట్టుకున్న గుట్ట మీద ఊరు. క్రైస్తవ రాజు ఆరో అల్ఫొన్సో 1085లో దీన్ని తీసుకున్నప్పుడు ఇక్కడి అరబిక్ పుస్తకాలు కూడా ఆయన చేతికి వచ్చాయి. తర్వాతి శతాబ్దంలో ఇటలీలోని క్రెమోనా నుంచి గెరార్డ్ అనే పండితుడు ఇక్కడికొచ్చి, అరబిక్ నేర్చుకుని, అల్ ఖ్వారిజ్మీ బీజగణితంతో సహా పదుల కొద్దీ గ్రంథాల్ని లాటిన్‌లోకి మార్చాడు. ఇదే ఊళ్లో ఖాజీగా పనిచేసిన సాయిద్ అల్ అందలూసీ 1068లో లోకంలోని జాతుల విద్యల గురించి పుస్తకం రాస్తూ భారతీయుల్ని మొదటి వరసలో నిలబెట్టాడు. మన తొమ్మిది అంకెలు పశ్చిమ యూరప్ రాతప్రతుల్లో మొదటిసారి కనబడేదీ స్పెయిన్‌లోనే. 976లో ఉత్తరాన ఒక మఠంలో పూర్తయిన ఆ గ్రంథం ఇప్పుడు మాడ్రిడ్ పక్కన ఎల్ ఎస్కోరియల్ గ్రంథాలయంలో ఉంది. ఆ అంకెలు భారతీయులవని అందులోనే రాసి ఉంది.

టొలెడోలోనే సాంతా మరియా లా బ్లాంకా అనే చిన్న కట్టడం ఉంది. యూదుల ప్రార్థనా మందిరం, కమానులు మసీదు పద్ధతి, పేరు చర్చిది. లోపల అంతా తెల్లసున్నం. పది నిమిషాల్లో చూసి బయటికి రావచ్చు గానీ, అరగంట కూర్చోండి.

ఈ గుట్ట మీది ఊరికి నీళ్లెలా? 16వ శతాబ్దంలో హువానెలో తుర్రియానో అనే ఇటలీ గడియారాల పనివాడు నది నుంచి దాదాపు వంద మీటర్ల ఎత్తుకు, పైన కోట దాకా నీళ్లెక్కించే యంత్రం కట్టాడు. అది 1569లో పనిచేసింది. నీళ్లన్నీ కోటకే పోతున్నాయి కాబట్టి డబ్బు ఇచ్చేది లేదని ఊరివాళ్లన్నారు. ఆయన 1585లో పేదరికంలో చనిపోయాడు. ఆ యంత్రం ఇప్పుడు లేదు. నది ఒడ్డున నిలబడి పైకి చూస్తే ఆ పని ఎంత గొప్పదో తెలుస్తుంది.

కోర్దోబాకు మాడ్రిడ్ నుంచి వేగపు రైల్లో రెండు గంటలు కూడా పట్టదు. అక్కడి పెద్ద మసీదును 785 ప్రాంతంలో మొదటి అబ్దుల్ రహ్మాన్ మొదలుపెట్టాడు. రెండు వందల ఏళ్లు పెంచుకుంటూ పోయారు. లోపల 856 స్తంభాలు. చాలా వాటిని పాత రోమన్ కట్టడాల నుంచి, వాటి తర్వాతి చర్చీల నుంచి తెచ్చారు. అందుకే ఒకటి నునుపు, ఇంకొకటి మెలికలు, ఒకటి నలుపు, పక్కది గులాబీ రంగు. ఎత్తు చాలని స్తంభాల మీద కమాను పైన మరో కమాను పెట్టి కప్పు లేపారు. ఎర్ర ఇటుక, తెల్ల రాయి, మళ్లీ ఇటుక. 1236లో క్రైస్తవులు ఊరు తీసుకుని దీన్ని చర్చిగా మార్చినా కట్టడం జోలికి పెద్దగా పోలేదు. 1523లో బిషప్ మధ్యలో స్తంభాలు తీసేసి పెద్ద చర్చి కడతానన్నాడు. ఆ పనికి వెళ్లే మేస్త్రీలకు మరణశిక్ష వేస్తామని నగర పాలకులు చాటించారు. వాళ్లంతా క్రైస్తవులే! చక్రవర్తి బిషప్ వైపు తీర్పిచ్చాడు, చర్చి లేచింది. మసీదు కోసం తమ బిషప్‌కు అడ్డం నిలబడిన ఆ పాలకుల సంగతి గైడు చెప్పకపోతే మీరే అడగండి.

బయట నారింజ చెట్ల ఆవరణలో కాళ్ల కింద చూడండి. ప్రతి చెట్టుకూ పాదు, పాదు నుంచి పాదుకు నేలలో చెక్కిన సన్నటి కాలువ. ఎక్కడ అడ్డం పెడితే ఏ వరస తడుస్తుందో రైతుబిడ్డలకు చూడగానే తెలిసిపోతుంది. అక్కడి నుంచి నదికి దిగితే రోమన్ వంతెన పక్కన ఒక పెద్ద నీటి చక్రం ఉంది. ఇప్పుడున్నది తర్వాత మళ్లీ కట్టినది. దాని కిర్రుమనే చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఇసబెల్లా రాణి పాత చక్రాన్ని విప్పించిందని ఊళ్లో చెప్పుకుంటారు.

శాకాహారుల కోసం ఒక మాట. మాంసం వద్దంటే చాలదు. ‘హమోన్’ అనే పంది మాంసం ముక్కలు, ట్యూనా చేప ఇక్కడ కొందరి లెక్కలో మాంసం కిందికి రావు. అవి కూడా వద్దని పేరు పెట్టి చెప్పాలి. ఈ దేశంలో పంది మాంసానికి అంత పెద్దపీట ఉండటం వెనక భయమూ ఉంది. 1478లో మొదలై 1834 దాకా సాగిన మత విచారణలో, మతం మార్చుకున్న యూదులు పంది కొవ్వు బదులు ఆలివ్ నూనెతో వండుతున్నారని ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పినా చాలు, అనుమానం పడేది. కోర్దోబాలో తేనెపాకం పోసిన వంకాయ వేపుడు, సెవియాలో పాలకూర శనగల కూర అడగండి. వంకాయ మన వైపు నుంచి అరబ్బుల చేతుల మీదుగా ఇక్కడికి చేరింది.

సెవియా అందమైన ఊరే, ఒక రోజు ఆగండి. ఆ ఊరి దక్షిణాన పొలాలకు నీళ్లు పారే పెద్ద కాలువను జనం ‘ఖైదీల కాలువ’ అంటారు. 1936 నుంచి 1939 దాకా సాగిన అంతర్యుద్ధంలో ఓడిన పక్షం వాళ్లను నియంత ఫ్రాంకో ప్రభుత్వం ఖైదు చేసి, 1940 నుంచి వాళ్ల చేత తవ్వించిన కాలువ అది. ఫ్రాంకో డ్యాములు ప్రారంభించే దృశ్యాలు సినిమా హాళ్లలో ఆట ముందు వేసేవారు. తవ్విన ఖైదీలు వాటిలో ఉండేవారు కాదు.

గ్రనాడాలో అల్‌హంబ్రా కోట. టికెట్లు వారాల ముందే అయిపోతాయి, పాస్‌పోర్టు పేరు మీదే ఇస్తారు, నస్రిద్ సుల్తానుల అంతఃపురాలకు రాసిన సమయం దాటితే లోపలికి పోనివ్వరు. ఫొటోల్లో కనిపించే సింహాల ఫౌంటెన్ కంటే ముందు, ఆ నీళ్లు ఎక్కడివని అడగండి. 1238లో ఇక్కడ కోట మొదలుపెట్టిన సుల్తాను మొదటి మహమ్మద్, దారో నదికి ఆరు కిలోమీటర్ల పైన అడ్డకట్ట వేసి, కొండ వాలు వెంట కాలువ తెచ్చాడు. ఆ కాలువ లేకపోతే ఎండిన గుట్ట మీద తోట లేదు, హమామ్ లేదు, రాజధాని లేదు. 1492 జనవరి 2న ఆఖరి సుల్తాను బోఅబ్దిల్ కోట అప్పగించాడు. మీ మతం, మీ మసీదులు, మీ న్యాయం మీకే ఉంటాయని ఒప్పందంలో రాసిచ్చారు. మూడు నెలలు నిండకముందే, మార్చి 31న, ఇదే కోట నుంచి యూదుల్ని దేశం నుంచి పంపేస్తూ ఆజ్ఞ వెలువడింది. పదేళ్లకు ముస్లింలకు ఇచ్చిన మాటా పోయింది. మతం మారండి, లేదా వెళ్లిపోండి అన్నారు. అలా మారినవాళ్లను మొరిస్కోలు అన్నారు.

కారు తీసుకుని అల్పుహార్రా కొండలకు వెళ్లండి. నా మటుకు స్పెయిన్‌లో అంతకంటే చూడదగ్గ చోటు లేదు. పాంపనేయ్‌రా, బుబియోన్, కపిలేయ్‌రా అనే తెల్లటి ఊళ్లు ఒకదాని పైన ఒకటి. పైన సియెర్రా నెవాడా మంచు. వసంతంలో మంచు కరిగి పారే నీళ్లను మట్టి కాలువల్లోకి మళ్లించి, కొండ మీద ఇంకే నేల ఉన్న చోట వదిలేస్తారు. అవి లోపలికి దిగి, నెమ్మదిగా జరిగి, వేసవిలో దిగువ ఊళ్ల పక్కన ఊటలై పైకొస్తాయి. మన ఊటకుంట చేసే పనే, ఇక్కడ కొండంత మేర చేస్తున్నారు. ఈ పద్ధతి అరబ్బుల కాలం నాటిది. నీళ్ల వంతులు చూసే నీరుగంటి ఇక్కడి ఊళ్లలోనూ ఉన్నాడు.

1568లో ఈ కొండల్లోనే మొరిస్కోలు తిరగబడ్డారు. ఓడిపోయాక వాళ్లను దేశమంతా చెదరగొట్టి, ఉత్తరం నుంచి కొత్త కుటుంబాల్ని తెచ్చి ఇళ్లు, పొలాలు ఇచ్చారు. కాలువలు ఎలా నడపాలో ఆ కొత్తవాళ్లకు తెలియదు. నేర్పడానికి ఊరికి రెండేసి మొరిస్కో కుటుంబాల్ని ఉంచుకున్నారని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. గత శతాబ్దంలో జనం పట్నాలకు వలసపోయి చాలా కాలువలు పూడిపోయాయి. 2014 నుంచి గ్రనాడా విశ్వవిద్యాలయం వాళ్లు ఊరివాళ్లతో, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లతో కలిసి పూడిక తీయిస్తున్నారు. పారలు పట్టుకుని బురదలో దిగిన విద్యార్థుల్ని చూస్తే కడుపు నిండింది.

చివరగా వాలెన్సియా. 1238లో హైమే రాజు ఈ ఊరిని గెలిచాక కాలువలు, నీటి వంతులు ముస్లింల కాలంలో ఎలా ఉండేవో అలాగే సాగాలని ఆజ్ఞ ఇచ్చాడు. తూరియా నది నుంచి చీలిన ఎనిమిది కాలువల రైతులు తమలోంచే ఒక్కొక్క పెద్దను ఎన్నుకుంటారు. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే, వాళ్లు నల్ల చొక్కాలు తొడుక్కుని పెద్ద చర్చి అపోస్తలుల గుమ్మం ముందు తోలు కుర్చీల్లో గుండ్రంగా కూర్చుంటారు. బంట్రోతు ఒక్కొక్క కాలువ పేరూ పిలిచి, ఫిర్యాదులున్నాయా అని అడుగుతాడు. అంతా నోటిమాటే. లాయర్లు లేరు. ఎడమ గట్టు రైతు మీద ఫిర్యాదు వస్తే తీర్పు ప్రతిపాదించేది కుడి గట్టు పెద్దలు. ఆ రైతు సొంత కాలువ పెద్ద నోరు విప్పకూడదు. తీర్పు మీద అప్పీలు లేదు. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. చాలా గురువారాలు ఫిర్యాదులే ఉండవు, అయిదు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఇంతేనా అని యాత్రికులు నిరుత్సాహపడతారు. ఫిర్యాదు లేకపోవడమే కదా ఈ కోర్టు గెలుపు.

ఆ కాలువలు వాడినవాళ్లలో మొరిస్కోలూ ఉన్నారు. 1609లో దేశం నుంచి వాళ్లను ఓడలెక్కించడం మొదలైంది ఇక్కడి నుంచే. 1614 లోపు దేశం మొత్తం మీద మూడు లక్షల మంది దాకా పోయారు. వాలెన్సియా రాజ్యం జనాభాలో దాదాపు మూడో వంతు ఖాళీ అయింది. ఎన్నో ఊళ్లు పాడుబడ్డాయి, పొలాలు బీళ్లయ్యాయి. యూదుల వారసులకు 2015లో స్పెయిన్ పౌరసత్వపు చట్టం చేసింది. మొరిస్కోల వారసులకు అలాంటిది ఇప్పటికీ లేదు. ఇది న్యాయం కాదని నేనంటాను.

1957 వరద తర్వాత తూరియాను ఊరి బయటికి మళ్లించి, పాత నది పడకను తోట చేశారు. సాయంత్రం అందులో నడవండి. 2024 అక్టోబర్ 29న వచ్చిన వరదలో ఆ మళ్లింపు ఊరిని కాపాడింది గానీ దక్షిణ శివార్లతో సహా చుట్టుపక్కల ప్రాంతంలో 200 మందికి పైగా చనిపోయారు. ఇక తిండి సంగతి. పాయెల్లా అనే ఇక్కడి అన్నం వంటకం తినాలంటే అల్బుఫేరా వరి పొలాల పక్కన మధ్యాహ్నం తినండి, రాత్రి కాదు.

జులై, ఆగస్టుల్లో రాకండి. కోర్దోబా, సెవియాల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. పిల్లల సెలవులు అడ్డం లేకపోతే మార్చి చివర గానీ అక్టోబర్‌లో గానీ రండి. విమానం టికెట్లు కొనేముందు క్యాలెండర్ చూసుకుని, ఒక గురువారం వాలెన్సియాలో ఉండేలా పెట్టుకోండి. పావుగంట ముందే వెళ్లి ముందు వరసలో నిలబడండి.