పులులు, నెయ్యి, నల్లబ్బాయి

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఇండియా నుంచి సూట్‌కేసు నిండా అమర్ చిత్ర కథలు మోసుకొచ్చాను. రెండు చదివి, "నాన్నా, చెడ్డవాళ్ళంతా నా రంగులోనే ఉన్నారేంటి?" అంది. (రంగులో అది నా పోలిక. చామనఛాయ అని మేం మర్యాదగా అంటాం.) "రాక్షసులు కదమ్మా" అని మాట దాటేశాను. చిన్నప్పుడు అవే పుస్తకాలు అరిగిపోయేదాకా చదివినవాణ్ణి, నాకెప్పుడూ ఆ అనుమానం రాలేదు. కృష్ణుడంటేనే నల్లనివాడు కదా, బొమ్మలో మాత్రం నీలం!

ఆ ప్రశ్న పట్టుకుని వెతుకుతుంటే ఒక పాత పుస్తకం దగ్గర తేలాను. అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాల గొడవ ఎక్కడ మొదలెట్టినా అక్కడికే వస్తుంది: 'లిటిల్ బ్లాక్ సాంబో'. తీరా చూస్తే అది మన మద్రాసు సరుకు.

రాసినావిడ హెలెన్ బానర్‌మన్. ఎడిన్‌బరోలో పుట్టింది, భర్త ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు, ముప్ఫై ఏళ్ళ కాపురం మన దేశంలోనే. 1898లో కొడైకెనాల్, మద్రాసుల మధ్య రైల్లో కూర్చుని తన ఇద్దరాడపిల్లల కోసం ఈ కథ అల్లిందంటారు. ఒక పిల్లాడి కొత్త బట్టలు, గొడుగు పులులు లాక్కుంటాయి. ఎవరు గొప్పో తేలక ఒకదాని తోక ఒకటి పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగి తిరిగి కరిగి నెయ్యయిపోతాయి. ఆ నేతితో అమ్మ అట్లు పోస్తే పిల్లాడొక్కడే 169 తింటాడు. ఆఫ్రికాలో పులులు లేవు. అయినా పిల్లాడికి సాంబో అని పేరు పెట్టి, గుడ్లు మిటకరించి, పెదాలు లావు చేసి ఆవిడే బొమ్మలేసింది. కథ మనది, మొహం మాత్రం నల్లవాళ్ళని వెక్కిరించే బొమ్మలది.

1899లో లండన్‌లో అచ్చయింది. హక్కులు 5 పౌండ్లకి అమ్ముడైపోయాయి, అదీ ఆవిడకి ఇష్టం లేకుండానే. 1900లో అమెరికా చేరాక ఎవరికి తోచిన బొమ్మలు వాళ్ళేసుకున్నారు. సాంబో అన్నది ఇక్కడ బానిసత్వం నాటి నుంచీ ఉన్న తిట్టు. తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని ఆడే మిన్‌స్ట్రెల్ నాటకాల వికారమంతా ఆ పిల్లాడికి అంటించారు. కొన్నిట్లో ఊరే మారిపోయి అమెరికా దక్షిణాది పత్తి తోటల దగ్గర తేలింది.

ఈ పుస్తకం తెల్లపిల్లలకి వినోదమే కావచ్చు, ఇప్పటికే ఎన్నో దెబ్బలు తిన్న నల్లపిల్లాడికి ఇంకో దెబ్బ అని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1932లోనే రాశాడు. వేరే పుస్తకాలుంటే ఇదొక్కటీ అంత బాధించేది కాదేమో. 1965లో నాన్సీ లారిక్ లెక్కేసింది: అంతకుముందు మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో నల్లవాళ్ళు ఒక్కరైనా కనిపించినవి 349. నూటికి ఏడు కూడా లేవు. పిల్లాడు తన మొహం వెతుక్కుంటే దొరికేది సాంబో!

అన్నట్టు, ఆ పేరుతో హోటళ్ళు కూడా నడిచాయి. 1957లో శాంటా బార్బరాలో శామ్ బాటిస్టోన్, న్యూవెల్ బోనెట్ తమ పేర్లు కలిపి సాంబోస్ అని పెట్టారు. పేరు తమదే అన్నారు గానీ గోడల మీద మాత్రం పులులు, తలపాగా కట్టిన ఇండియా పిల్లాడు, వడ్డించేది పాన్‌కేకులు. డెబ్భైల చివరికి వెయ్యి దాటాయి. ఊరూరా నిరసనలొచ్చాయి, అప్పులూ తోడయ్యాయి, 1981లో దివాళా. మిగిలిన ఆ మొదటి హోటలు పేరు మార్చుకున్నది ఎప్పుడనుకున్నారు? 2020లో, జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక.

1996లో ఇద్దరు దీన్ని రెండు రకాలుగా బాగుచేశారు. జూలియస్ లెస్టర్, చిత్రకారుడు జెర్రీ పింక్‌నీ, ఇద్దరూ నల్లవాళ్ళే, కథని తమ దక్షిణాది యాసలో తిరగరాశారు. ఫ్రెడ్ మార్సెలీనో కథ జోలికి పెద్దగా పోకుండా పేర్లు బాబాజీ, మామాజీ, పాపాజీ అని మార్చి, బొమ్మలు మళ్ళీ గీసి, కథని ఇండియాకే తెచ్చాడు. మామాజీ అంటే అమ్మట! పోనీలెండి.

లైబ్రరీ నుంచి ఆ బాబాజీ పుస్తకం తెచ్చి చదివి వినిపించాను. మా అమ్మాయికి 169 అట్లు తెగ నచ్చాయి. పుస్తకం మూసి, వాడి చేతి బొమ్మ పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది. ఏమీ అనలేదు. సూట్‌కేసులో తెచ్చినవి ఇంకా అలమరలోనే ఉన్నాయి, పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు.