వియన్నా టేపులు, ఖరీదైన పెట్టెలు

వియన్నాలోని సోఫియెన్‌సాల్ మొదట ఆవిరి స్నానాల భవనం, తర్వాత నాట్యశాల. 1958 నుంచి 1965 వరకు డెక్కా కంపెనీ అక్కడే వాగ్నర్ నాలుగు సంగీత నాటకాల ‘రింగ్’ను స్టీరియోలో రికార్డు చేసింది. వాద్యబృందాన్ని నడిపింది జార్జ్ షోల్టీ, నిర్మాత జాన్ కల్‌షా. స్టూడియోలో పూర్తిగా రికార్డయిన తొలి ‘రింగ్’ ఇదే. 2001లో ఆ భవనం అగ్నికి ఆహుతైంది.

ఈ సంగీతాన్నే అభిమానులు ఎల్‌పీలుగా, సీడీలుగా మళ్లీ మళ్లీ కొన్నారు. 2012లో పుస్తకాలు, డాక్యుమెంటరీతో భారీ పెట్టె వచ్చింది. అందులోని బ్లూ-రే 24 బిట్‌ల ధ్వని ఇచ్చినా, దానికి మూలం 1997 నాటి డిజిటల్ ప్రతే. 2022లో మొదలైన విడుదలకు మాత్రం అసలు టేపులనే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో మళ్లీ డిజిటల్‌లోకి ఎక్కించారు.

అసలు తేడా అక్కడుంది.

మనిషి చెవికి వినిపించేది దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకే. మామూలు సీడీ 22 దాకా అందిస్తుంది. కాబట్టి కేవలం బిట్‌లు, కిలోహెర్ట్జ్‌ల అంకెలు చూసి వేలు పోయడం దండగ. 1997 సీడీలున్నవారికి 2012 పెట్టెలో ధ్వనిపరంగా దక్కే కొత్తదనం తక్కువ. టేపుల నుంచి నేరుగా తీసిన కొత్త ప్రతికైతే ఖర్చు పెట్టవచ్చు.